నేను తీయించిన చప్పుడు

ఆ నాటకం గురించి ఎమ్మిగనూరులో ఒక మాట అన్నారు, ఆదోనిలో ఒక మాట అన్నారు. బ్రహ్మాండం అన్నవాళ్లున్నారు, పిల్లలాట అని తీసిపారేసినవాళ్లున్నారు, సగంలో లేచిపోయినవాళ్లూ ఉన్నారు. ఎవరి అభిప్రాయం వాళ్లది, దాన్ని తప్పనడానికి లేదు. తప్పని తేలిన మాట ఒక్కటే, అది నాది. ఆ నాటకం పాటల్లో తాళంగా వాడిన ఒక చప్పుడు బాగాలేదని పదిమందిలో చెప్పి, పట్టుబట్టి తీయించేశాను. అది నా చెల్లెలి మగ్గం చప్పుడు. తెలియక చేశానని సర్దిచెప్పుకోవచ్చు. కానీ తెలియకపోవడమే అసలు తప్పు. ఇంట్లో కూడా పూర్తిగా చెప్పుకోలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆదోనిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. పాఠాలు చెప్పేవాడిగా కంటే నాటకాలకు మార్కులు వేసేవాడిగానే చుట్టుపక్కల నాకు పేరు. మా వైపు పద్యనాటకానికి ఇప్పటికీ జనం వస్తారు. రాగం బాగా సాగదీస్తే వన్స్ మోర్ అని అరిచి మళ్లీ పాడించుకుంటారు. అలాంటి పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చోవడం నాకు అలవాటు. ముందు వరసలో కుర్చీ, ఒళ్లో అట్ట, అట్టకు క్లిప్పు, పక్కన నీళ్ల సీసా. ఆ కుర్చీ అలవాటైతే ఒక తెగులు పట్టుకుంటుంది. ఇంట్లో పప్పు తిన్నా పదికి ఎన్ని వేయాలా అని చూస్తాం. మా ఆవిడ ఈ మాట నా మొహం మీదే చాలాసార్లు అంది, నేను నవ్వి ఊరుకున్నాను.

పుట్టింది ఎమ్మిగనూరులో, నేతవాళ్ల వీధిలో. ఈ సంగతి కాలేజీలో ఎవరికీ నా అంతట నేను చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని చాలా ఏళ్లు అనుకున్నాను. అది అబద్ధం. అడగకుండా ఉండేలా మాట తిప్పేవాణ్ణి.

చెల్లెలు నాకన్నా మూడేళ్లు చిన్న. పసితనంలోనే పోలియో వచ్చి ఆమె కుడికాలు సన్నబడిపోయింది. మా నాయనకు చూపు తగ్గాక మగ్గం మీద ఆమే కూర్చుంది. మాది గుంత మగ్గం. నేల మీద కూర్చుని కాళ్లు గుంతలోకి వదలాలి. కాళ్ల కింద రెండు చెక్కలుంటాయి, ఎడమది ఎడమకాలితో, కుడిది కుడికాలితో ఒకదాని తర్వాత ఒకటి తొక్కాలి. తొక్కినప్పుడల్లా దారాలు రెండుగా విడిపోతాయి, వాటి మధ్యలోంచి అడ్డదారం మోసే నాడె టక్కుమని ఆ చివరికి దూసుకుపోతుంది. చెల్లెలి కుడికాలికి ఆ చెక్కను దించే బలం లేదు. అందుకని నేను ఆమెకు కుడిపక్కన కూర్చుని నా కాలు గుంతలోకి వదిలేవాణ్ణి. ఎడమ చెక్క ఆమెది, కుడి చెక్క నాది. బడికి పోయే ముందు కొంతసేపు, వచ్చాక దీపాలు పెట్టేదాకా. ఒకరికొకరం చెప్పుకోనక్కరలేదు, ఆమె చేయి నాడెను విసిరే తాడు మీద బిగుసుకుంటే నా కాలు దానంతటదే దిగేది. బయట నిలబడి విన్నవాళ్లు లోపల ఒక్కరే నేస్తున్నారనుకునేవాళ్లు.

డిగ్రీకి ఆదోని వచ్చినప్పుడు ఆ కాలు తీసేశాను. ఆ తర్వాత ఆమె కుడి చెక్క ఎట్లా తొక్కిందో నేను అడగలేదు. నేస్తోందని మాత్రం తెలుసు. పెళ్లయి రెండు వీధుల అవతలికి పోయినప్పుడు మా నాయన మగ్గాన్ని విప్పించుకుని తీసుకుపోయింది, అక్కడ మళ్లీ గుంత తవ్వించి పెట్టించుకుంది. ఆమె భర్త ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు, ఇల్లు గడవడంలో సగం ఆ మగ్గానిదే. నేను ఎప్పుడైనా ఆ ఇంటికి పోతే గుమ్మంలో నా చెప్పుల చప్పుడు వినగానే ఆమె మగ్గం ఆపేసేది. అన్న వచ్చినాడని లేచి, గోడ పట్టుకుని పొయ్యి దగ్గరికి పోయి, బొరుగులు నానబెట్టి ఉగ్గాని తాలింపు వేసేది. నేను తినేసి, కాసేపు కూర్చుని, బస్సుకు టైమైందని వచ్చేసేవాణ్ణి. లెక్క చూసుకుంటే పాతికేళ్లుగా ఆ మగ్గం ఆడుతుండగా నేను వినలేదు.

పోయిన ఏడాది చలికాలంలో చెల్లెలు ఫోన్ చేసింది. ఆమె చిన్న కూతురు ఎనిమిదో తరగతి. వాళ్ల బడి వార్షికోత్సవానికి పిల్లలతో పాటల నాటకం వేయిస్తున్నారు, మా మేనకోడలిదే ముఖ్య వేషం.

“నువ్వు రావాలన్నా. ముందర వరసలో నీకు కుర్సీ ఏస్తారంట. నీకొకటి ఉండాది ఆడ. ఇప్పుడు సెప్పను, నువ్వే కనుక్కోవాల,” అంది.

నాకొకటి అంటే శాలువా అనుకున్నాను. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని బయలుదేరాను. ఆదోనిలో బట్టల దుకాణం ఉన్న నా స్నేహితుడు కూడా నాతో బస్సెక్కాడు. మేమంతా భాయ్ అంటాం. నాటకం ఎక్కడ జరిగినా దుకాణం తమ్ముడికి అప్పగించి వచ్చే మనిషి. ఆయన తండ్రి కాలంలో ఎమ్మిగనూరు వీధుల్లో సైకిల్ మీద తిరిగి చీరలు కొనుక్కుపోయేవాళ్లట.

నాటకానికి మూలం పిల్లలు ఫోన్లలో చూసే ఒక బొమ్మల సినిమా. ఎవరో విదేశీయులు తీసింది, తెలుగు మాటలు అతికించారు. గూడు అల్లడం సరిగ్గా రాని ఒక గిజిగాడి కథ. ఎంత జాగ్రత్తగా అల్లినా దాని గూడు వంకరగానే వేలాడుతుంది. తక్కిన పిట్టలు నవ్వుతాయి. చివర్లో గాలివానకు అందరి గూళ్లూ రాలిపోతాయి, ఈ వంకర గూడు గాలికి ఒరుగుతూ నిలబడుతుంది. బడిలో పాటలు నేర్పే టీచరు నందవరం నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే అమ్మాయి. మగ్గాల ఊళ్లో అల్లే పిట్ట కథ వేస్తే బాగుంటుందని ఆమెకు తోచింది. సినిమా పాటలు పక్కన పెట్టి, సొంతంగా పాటలు కట్టింది. పిల్లలకు మైకులు సరిపోవని పాటలన్నీ ముందే రికార్డు చేసి పెట్టుకుంది.

ఎండ దిగాక బడి ఆవరణలో మొదలుపెట్టారు. తెర లేవగానే ఆ చప్పుడు వచ్చింది. ఒక దెబ్బ వెంటనే పడుతుంది, రెండోది ఒక రవ్వ ఆగి పడుతుంది. మళ్లీ ఒకటి వెంటనే, రెండోది ఆగి. పాట పొడుగునా అదే. మేనకోడలు ఎండుగడ్డి రంగు రెక్కలు కట్టుకుని, ఆ ఆగిన చోట ఒంటికాలి మీద గెంతి, దెబ్బ పడేసరికి దిగుతోంది. నేను అట్ట తీశాను. ఎవరూ మార్కులు వేయమని పిలవలేదు, అయినా తీశాను. తాళం, పదికి మూడు అని రాశాను. రాని వాడెవడో డబ్బా వాయించినట్టుందని పక్కన చిన్న అక్షరాలతో రాసుకున్నాను.

నాటకం అయ్యాక గేటు దగ్గర తలో మాట మొదలైంది.

“పద్యం యాడుండాదప్పా? హార్మోనీ పెట్టె లేని నాటకం నాటకమా?” అని ఒక పెద్దాయన చేతికర్ర ఊపాడు.

“ఫోన్లో పిట్ట ఎగురుతాది. ఈడ స్టూలు మీద నుంచి దుంకింది. అంతేగదా,” అని ఒక తండ్రి నవ్వాడు.

గోనెగండ్ల వైపు నుంచి కూలి మానుకుని వచ్చిన ఒక తల్లి ఎవరి మాటా వినిపించుకోకుండా, “మా పాప మబ్బు ఏసం ఏసింది, సూసినారా? ఎనకాల తెల్లగుడ్డ కప్పుకోని నిలబడింది గదా, అదే,” అని కనిపించిన ప్రతివాళ్లనూ అడుగుతోంది. భాయ్ ఒక్కడు ఆమెకు జవాబు చెప్పాడు. చూశానమ్మా, కదలకుండా నిలబడింది, అన్నాడు.

చెల్లెలు ఆడవాళ్ల గుంపులోంచి నెమ్మదిగా కాలీడ్చుకుంటూ వచ్చింది. మంచి చీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు. మొహం వెలిగిపోతోంది.

“ఎట్లుండాదన్నా? పాటలు ఎట్లుండాయి?”

“పిల్ల బాగా చేసింది. పాట పర్వాలేదు. ఆ తాళమే అధ్వానం. రెండో దెబ్బ ప్రతిసారీ ఆలస్యం. వాయించినవాడికి చేతకాదు,” అన్నాను.

“అట్లనా,” అంది. తర్వాత చేతిలోని టిఫిన్ డబ్బా నాకిచ్చింది. “ఇంటికాడ తిను. బస్సు పోతాది, పా,” అంది. నాకొకటి ఉందన్నావు కదా, అదేమిటని నేను అడగలేదు. శాలువా కప్పలేదన్న చిరాకులో ఉన్నాను.

నాటకాల మీద ఇష్టమున్నవాళ్లం ఆదోనిలో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మర్నాడు అందులో ఆ నాటకం మీద చర్చ లేచింది. పద్యం లేదని కొందరు, పిల్లలు బడి పుస్తకాల్లోంచి తలెత్తారు, అదే చాలని కొందరు. ఆ నెల చివరి ఆదివారం మా గ్రూపు తరఫున ఆదోనిలో పిల్లల నాటకాల కార్యక్రమం ఉంది, దానికి ఈ నాటకాన్ని పిలుద్దామా వద్దా అన్నది తేల్చాలి. పిలుద్దామని నేనే రాశాను. మేనకోడలు ఉంది మరి. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కింద ఇంకో నాలుగు పేరాలు రాశాను. కథ పాతదే అని, వేషాలు ముద్దుగా ఉన్నాయని, తాళం మాత్రం చెవిలో ముల్లులా ఉందని, దాన్ని తీసేసి కరెంటు రిథమ్ ప్యాడ్ మీద సరైన తాళం పెట్టి తెస్తేనే ఆదోని వేదిక ఎక్కించాలని రాశాను. బొటనవేళ్లు చాలా వచ్చాయి. వాటిని లెక్కపెట్టుకున్నాను.

భాయ్ ఒక్కడు ఒప్పుకోలేదు. ఆయనకు టైపు చేయడం రాదు, గొంతు రికార్డు చేసి పెట్టాడు. “సార్, అది వాయించింది కాదు సార్. అది మగ్గం సప్పుడు. మా అబ్బా ఎంట చిన్నప్పుడు ఎమ్మిగనూరు వీధుల్లో తిరిగినాను, నాకు తెలుసు. దాన్ని తీయొద్దండి. ఆ పిల్ల గెంతుతాంటే నాకు కళ్లెంబడి నీళ్లొచ్చినాయి, బిల్కుల్ నిజం.”

దానికి నేను ఇచ్చిన జవాబు ఇప్పటికీ ఆ గ్రూపులో ఉంది. తర్వాత తీసేద్దామనుకునేసరికి చెరిపే గడువు దాటిపోయింది. జన్మలో మొదటిసారి పదిమందిలో నా పుట్టుక చెప్పుకున్న సందర్భం అది. “మగ్గం సంగతి నాకు చెబుతారా భాయ్? నేను మగ్గం గుంతలో కాలు పెట్టి పెరిగినవాణ్ణి. మగ్గం ఇట్లా కుంటుతూ ఆడదు” అని రాశాను. కుంటుతూ అనే రాశాను. పాతికేళ్లు ఎవరికీ చెప్పని ఇంటిని, ఒక వాదన గెలవడానికి బయటికి తీశాను. నేను గెలిచాననుకున్నాను.

రెండు రోజులకు టీచరు ఫోన్ చేసింది.

“సార్, నమస్తే. మీరు రాసింది మాకు ఎవరో పంపినారు. ఆ సప్పుడు మీదనే పిల్లల గెంతులన్నీ కట్టినాం సార్. పిట్ట గూడు వంకర గదా, అందుకే తాళం గూడా అట్లే...” అని నసిగింది.

“వంకర కథకైనా తాళం సరిగ్గానే ఉండాలమ్మా,” అన్నాను. ఆ వాక్యం నాకే నచ్చింది. ఆ అమ్మాయి అది ఎవరి... అంటూ ఏదో మొదలుపెట్టి, మళ్లీ తనే మింగేసింది. సరే సార్, మారుస్తాం, అని పెట్టేసింది. ఎవరి అని అడిగి ఉండాల్సింది. క్లాసుకు బెల్లు కొట్టారు, పోయాను.

ఆదివారం పొద్దున పదింటికి ఆదోనిలో కార్యక్రమం. చెల్లెలు భర్తతో, ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురితో ఆటో మాట్లాడుకుని వచ్చింది. నేను ఆమెను ముందు వరసలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. ఆమెకు ఆ కుర్చీ కొత్త, అంచు మీదే కూర్చుంది. మా వెనక వరసలో భాయ్.

తెర లేచింది. ప్యాడ్ మొదలైంది. గడియారంలా ఒకే తీరున కొట్టుకుపోతోంది. నేను తృప్తిగా వెనక్కి వాలాను. వేదిక మీద మేనకోడలు రెక్కలు విప్పుకుని వచ్చింది, పాత అలవాటు కొద్దీ ఆగాల్సిన చోట కాలెత్తింది. ఆగడానికి అక్కడ చోటు లేదు. దెబ్బ ముందే పడిపోయింది, పిల్ల తడబడి, కాలు దించి, అడుగు కలుపుకుంది. మళ్లీ ఎత్తింది, మళ్లీ తడబడింది. వెనక మబ్బు వేషం పిల్ల కూడా ఆమెనే చూస్తోంది. సాధన చాలలేదు అని అట్ట మీద రాశాను. పక్కన చెల్లెలి ఎడమకాలు కుర్చీ కింద నెమ్మదిగా అటూ ఇటూ కదులుతోంది. కొంతసేపటికి అది కదలడం మానేసింది. ఆ కాలిని నేను చూశాను. చూసి కూడా నాకు ఏమీ తట్టలేదు.

నాటకం అయ్యాక టీచరు మైకు తీసుకుంది. పెద్దల సలహాతో సంగీతంలో తప్పులు సరిదిద్దుకున్నామని చెప్పి, ఆ పెద్దను వేదిక మీదికి పిలిచింది. నాకు శాలువా కప్పారు. ఎమ్మిగనూరు మగ్గాల మీద పుట్టింది కాదు, సంతలో దొరికే నైలాన్ శాలువా. ఫోటో తీశారు. పైనుంచి చూస్తే ముందు వరసలో చెల్లెలు అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొడుతోంది.

హాలు బయట మెట్ల దగ్గర మేనకోడలు రెక్కలు సగం విప్పుకుని నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మామకు దండం పెట్టు,” అంది చెల్లెలు.

“నేను పెట్టను.”

“ఏమే?”

“అమ్మ మగ్గం బాగలేదు, తీసేయమని సెప్పింది ఈయనే గదా. అందరికీ రాసి పంపినాడు గదా, కుంటుతాదని. నేనెందుకు పెట్టాల దండం?”

చెల్లెలు ఆ పిల్ల నోటి మీద చేయి పెట్టేసింది. ఆ చేయి అక్కడే ఉంచి నా వైపు చూసి నవ్వబోయింది. “పిల్లముండకు ఏం తెలుసన్నా. పట్టించుకోవద్దు,” అంది.

నాకు మొదట ఒక్క ముక్కా అర్థం కాలేదు. అమ్మ మగ్గం అంటే ఎవరి మగ్గం అన్నట్టు నిలబడ్డాను. పక్కనే భాయ్ ఉన్నాడు. నా మొహం చూసి ఆయన తల వంచుకుని, చెప్పులు వెతుక్కుంటున్నట్టు మెట్ల చివరికి పోయాడు. అప్పుడు అర్థమైంది. మెడ మీది శాలువా తీసేద్దామంటే చేతులు రాలేదు.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాను. అడిగే హక్కు లేని ప్రశ్న అది.

“టీచరమ్మ వచ్చి ఫోన్లో పట్టుకోని పోయింది సప్పుడు. మా అన్న వింటే ఎంటనే కనిపెడతాడు, ఆయన కాలు పెట్టిన మగ్గమేగదా అని నేనే అంటిని. అందుకే సెప్పొద్దంటిని. నువ్వు బాగలేదంటివి. అన్న సెప్పినాడంటే నిజమే ఉంటాది, తీసేయండి, మా మగ్గమని ఆయనకు సెప్పొద్దండి అని టీచరమ్మకు నేనే సెప్పినా. సదువుకున్నోనివి, నీకు తెలిసినంత మాకేం తెలుస్తాది? ఇప్పుడు బాగానే ఉండాది, సరిగ్గా కుదిరింది,” అంది.

ఆమె వెక్కిరిస్తూ అని ఉంటే ఈ రోజు కాస్త తేలిగ్గా ఉండేవాణ్ణి. ఆమె నిజంగానే అంది. ఆటో వాడు హారన్ కొట్టాడు, వాళ్లు ఎక్కి పోయారు. పిల్ల నా వైపు చూడలేదు. నేను ఆ శాలువాతోనే ఇంటికి నడిచి వచ్చాను. దారిలో ఇద్దరు అభినందించారు.

ఆ వారం గ్రూపులో తప్పు ఒప్పుకుంటూ రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టాను. రాసిన ప్రతిసారీ అందులో నేనే మంచివాడిలా కనబడుతున్నాను. ఎంత గొప్పగా సిగ్గుపడ్డానో చెప్పుకుంటున్నట్టుంది. చెరిపేశాను. చివరికి “ఆ చప్పుడు మగ్గానిదే. భాయ్ చెప్పింది నిజం. నేను అన్నది తప్పు” అని మాత్రం పెట్టాను. ఎవరి మగ్గమో రాయలేకపోయాను. దానికి కూడా బొటనవేళ్లు వచ్చాయి. ఒకాయన, నాటకంలో ప్యాడే బాగుంది సార్, మీ మొదటి మాటే కరెక్టు అని రాశాడు. ఆ మర్నాడు భాయ్ దుకాణానికి పోతే టీ తెప్పించాడు, వేరే నాటకం గురించి మాట్లాడాడు. నేనూ ఎత్తలేదు.

తర్వాతి ఆదివారం చెప్పకుండా ఎమ్మిగనూరు పోయాను. వీధి మొదట్లోనే చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాను. అరుగుల మీద కూర్చున్నవాళ్లు వింతగా చూశారు. ఇంటి ముందుకు రాకముందే వినబడింది. ఒకటి వెంటనే, రెండోది ఒక రవ్వ ఆగి. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. పదికి మూడు వేశాను దానికి.

లోపలికి తొంగి చూశాను. చెల్లెలి వీపు నా వైపు ఉంది. ఎడమకాలు ఎడమ చెక్క తొక్కుతోంది. తర్వాత నడుము ఒక పక్కకు ఒరుగుతోంది, ఒక చేత్తో నేలను ఆనుకుని ఆ కాలినే కుడి చెక్క మీదికి దాటిస్తోంది, తొక్కుతోంది. వెనక్కి రావడం తేలిక, కాలు దానంతటదే వచ్చి పడుతోంది. అటు దాటేటప్పుడే ఆలస్యం. అక్కడ నేను కూర్చునేవాణ్ణి. నేను లేచిపోయిన చోటుకే పిల్లలు గెంతులు కట్టుకున్నారు, నేను దాన్ని చేతకానితనం అన్నాను. ఎవరూ చెప్పనక్కర్లేకుండా నా కళ్ల ముందే నా బతుకు నాకు కనబడింది, ఏడుపు వచ్చింది. మగాడు వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని ఏడుస్తున్నాడేమిటని ఎదురింటామె లోపలికి పోయింది.

చెల్లెలికి ఎట్లా తెలిసిందో, మగ్గం ఆగింది.

“ఎప్పుడొచ్చినావన్నా? కూసో, ఉగ్గాని సేస్తా,” అని లేవబోయింది.

“లేవద్దు. నెయ్యి,” అన్నాను. పోయి ఆమెకు కుడిపక్కన, నేల మీద కూర్చున్నాను. ప్యాంటు మోకాళ్ల దగ్గర బిగిసింది. క్షమించమని అడగడానికే వచ్చాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను, తెలుగు మాస్టరును కదా. ఒక్కటీ బయటికి రాలేదు. “నేను తప్పు చేశానమ్మా,” అని మాత్రం అన్నాను.

“పోనీలే. ఎందుకు దాన్నే పట్టుకుంటావు?” అని ఆమె తెగిన దారం వేళ్లతో కలుపుకుంది.

నేను కుడికాలు గుంతలోకి దించాను. కుడి చెక్క అక్కడే ఉంది, మా నాయన చేయించిన చెక్కే. అరికాలికి నున్నగా తగిలింది. ఆమె తాడు పట్టుకుంది. ఎడమకాలితో తొక్కి నాడె విసిరింది. నా వంతు. నేను తొక్కాను. సరిగ్గానే తొక్కాననుకుంటాను. కానీ ఆమె నడుము అలవాటు కొద్దీ ఒరిగింది, ఆమె కాలు వచ్చి నా కాలి మీద పడింది, నాడె సగంలో చిక్కుకుని ఆగిపోయింది. రెండు దారాలు తెగాయి.

ఇంకోసారి చేద్దామన్నాను. ఆమె వంగి నాడె బయటికి తీసింది. తెగిన కొసలు వెతికి ముడివేసింది. కోపం లేదు ఆమెకు, నిష్ఠూరం లేదు. పని పాడవుతుందేమోనని దిగులు మాత్రం ఉంది.

“వద్దన్నా, కాలు తీయి,” అంది. “నువ్వు పెడితే నాకు తప్పిపోతాది. ఇప్పుడు నాకు ఇట్లే అలవాటు.”

నేను కాలు పైకి తీసుకున్నాను. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. నేను ఆ పక్కనే కూర్చుని, బస్సు టైము దాటిపోయేదాకా విన్నాను.